తాత జావాకు కొత్త రంగు వద్దు

మా తాత మోటారుసైకిలుకు కొత్త రంగు వేయించాలా, వద్దా అన్నది మా ఇంట్లో ఏడాదిగా తేలని విషయం. పెదనాన్న వేయిద్దామంటారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అన్న ఇంకో అడుగు ముందుకేసి, వెనక మడ్‌గార్డు కోసి, హ్యాండిల్ మార్చి, నల్లరంగు కొట్టి ఈ కాలం బండిలా చేద్దామంటాడు. నాన్న ఎటూ చెప్పరు. ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని కాబట్టి నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా నాకొక అభిప్రాయం ఉంది. ఆ బండి ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి. పాడవకుండా చూసుకోవాలి, నడిచేలా ఉంచుకోవాలి. కానీ దాన్ని కొత్తది చేయకూడదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతే అయితే పత్రికకు ఎక్కించాల్సిన పని లేదు. మా పదకొండో తరగతిలో నలభై మందిమి ఉన్నాం. దాదాపు అన్ని రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు. ఒకరోజు ఈ మాట కదిపితే, ఒకరి సొంతూళ్లో తాతల నాటి బుల్లెట్ ఉందన్నారు, ఇంకొకరి ఇంట్లో లాంబ్రెట్టా స్కూటరు ఉందన్నారు, మరొకరి మేనమామ దగ్గర రాజ్‌దూత్ ఉందన్నారు. కొన్ని పాకలో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. కొన్నిటికి రంగులు వేసి, మెరిపించి, పెళ్లి ఫొటోల కోసం నిలబెట్టారు. చేతికందిన పాత వస్తువును ఏం చేయాలన్న ప్రశ్న మనలో చాలామందికి రాబోతోంది. ఇప్పుడే ఆలోచించుకుంటే మంచిది.

ముందు బండి గురించి చెప్పాలి. మాది జావా 250. తాత 1967లో ఆఫీసులో లోను పెట్టి కొన్నారు. జావా అంటే ఇండోనేషియా దీవి అనుకుంటారు చాలామంది. దానికీ దీనికీ సంబంధం లేదు. 1929లో ప్రాగ్ నగరంలో యానెచెక్ అనే ఇంజనీరు, వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటారుసైకిలు నమూనాను తీసుకుని తయారీ మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో ఆ రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిస్తే 'జావా' అయింది. ఆ బళ్లను బొంబాయిలో దిగుమతి చేసి అమ్మిన ఇరానీ కుటుంబం, తర్వాత మైసూరులోని యాదవగిరిలో 'ఐడియల్ జావా' కర్మాగారం పెట్టింది. అప్పటి గవర్నరు జయచామరాజేంద్ర ఒడెయరు 1961లో దాన్ని ప్రారంభించారు. 1970లలో బండి పేరు 'యెజ్డీ'గా మారింది. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరుతో మళ్లీ కొత్త బళ్లు వచ్చాయి కానీ అవి వేరే ఇంజనుతో వచ్చిన వేరే బళ్లు.

పాత జావా నడపడం నేర్చుకోవాలంటే తెలిసినదంతా కాస్త పక్కన పెట్టాలి. కిక్ కొట్టే రాడే గేరు రాడు కూడా. కిక్ కొట్టి స్టార్ట్ చేశాక, అదే రాడును ముందుకు తిప్పితే గేర్లు మార్చుకోవచ్చు. సిలిండరు ఒకటే అయినా సైలెన్సర్లు రెండు, చెరో పక్క ఒకటి. ఇది టూ-స్ట్రోక్ ఇంజను. పిస్టను కింద ఉండే క్రాంకు గది గుండానే పెట్రోలు గాలితో కలిసి పైకి వెళుతుంది కాబట్టి, ఆ గదిలో విడిగా ఆయిలు నింపి ఉంచే వీలుండదు. అందుకే పెట్రోలులోనే ఆయిలు కలపాలి. లీటరుకు 50 మిల్లీలీటర్లు లెక్కగా పోసి, ట్యాంకు మూత పెట్టి, బండిని రెండుసార్లు అటూ ఇటూ ఊపడం తాత అలవాటు. పుస్తకంలో ఇంజను బొమ్మ చూసి నేర్చుకునే దానికంటే ఆ ఊపుడు చూసి నేర్చుకున్నదే నాకు బాగా గుర్తుంది.

తాత పశువైద్య శాఖలో కాంపౌండరు. హిందూపురంలో ఇల్లు. చుట్టుపక్కల లేపాక్షి, చిలమత్తూరు, పరిగి వైపు పల్లెలన్నీ ఆయన తిరిగినవే. ఊళ్లోవాళ్లు ఆయన్ని పశువుల డాక్టరనే పిలిచేవాళ్లు. ఆ రోజుల్లో పశువులకు ప్రాణాంతకమైన జబ్బు రిండర్‌పెస్ట్. అది ఊళ్లోకి వస్తే కొట్టాలకు కొట్టాలే ఖాళీ అయ్యేవట. మన దేశంలో దాన్ని తుడిచిపెట్టే జాతీయ కార్యక్రమం 1954లో మొదలైంది. టీకా మందు చల్లగా ఉండాలి. ఎండలో వేడెక్కితే పనికిరాదు. అందుకని తాత ఐసు నింపిన పెట్టెను బండి వెనక మడ్‌గార్డు మీద క్యారియరుకు కొబ్బరి తాడుతో కట్టుకుని, తెల్లవారకముందే బయలుదేరేవారు.

ఆ తాడు ఏళ్ల తరబడి ఒకే చోట రాసుకుని రాసుకుని మడ్‌గార్డు మీద రంగు పోయింది. ఇప్పుడక్కడ రెండు పక్కలా వేలెడంత వెడల్పున రేకు కనిపిస్తుంది. పెదనాన్న కంటికి అది మచ్చ. నా కంటికి ఆ బండి మీద అంతకంటే విలువైనది లేదు. రిండర్‌పెస్ట్ మన దేశంలో చివరిసారి కనిపించింది 1995లో. 2011లో ప్రపంచమంతటా అది అంతరించిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రెండో వ్యాధి అది. ఆ పనిలో శాస్త్రవేత్తల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. పల్లె పల్లెకూ మందు మోసిన కాంపౌండర్ల పేర్లు ఎక్కడా ఉండవు. మా తాత విషయంలో మిగిలిన రుజువు ఆ తాడు రాపిడి గుర్తు ఒక్కటే.

రంగు వేసేవాళ్లు ముందు పాత రంగును గీకేస్తారు. గుంతలు పుట్టీతో పూడుస్తారు. ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేస్తారు. తర్వాత కొత్త రంగు కొడతారు. ఆ పనిలో తప్పేమీ లేదు, అది వాళ్ల విద్య. కానీ తాడు గుర్తు పోతుంది. మా అవ్వ చదువుకున్నది మూడో తరగతి వరకే. ఆమె మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది: "ఆ గీత మీద రంగేస్తే మీ తాత ఎంత తిరిగినాడో ఎవురికి తెలుస్తాది?"

తాత తిరిగిన దారిలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. లేపాక్షి వీరభద్రస్వామి ఆలయం మీలో చాలామంది చూసే ఉంటారు, లేదా చరిత్ర పాఠంలో చదివి ఉంటారు. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో వేసిన వర్ణచిత్రాలు అక్కడి మండపం కప్పు మీద ఉన్నాయి. కొన్నిచోట్ల రంగులు వెలిశాయి. కొన్నిచోట్ల పెచ్చులు ఊడిపోయాయి. ఎవరైనా ఆయిల్ పెయింటు డబ్బా తెచ్చి, వెలిసిన బొమ్మలన్నీ మళ్లీ కొత్తగా వేస్తానంటే మనం ఒప్పుకుంటామా? అదే గుడి ఆవరణలో సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం ఉంది. స్తంభాలున్నాయి, కప్పు లేదు. దాన్ని పూర్తి చేద్దామని కూడా ఎవరూ అనరు. ఆగిపోయిన చోట ఆగిపోయినట్టు ఉండటమే దాని చరిత్ర. గుడికి ఒక న్యాయం, ఇంటి వస్తువుకు ఒక న్యాయం ఎందుకుండాలి? గుడి ఊరందరిది, బండి ఒక ఇంటిది. తేడా అంతే.

ఇంకో సంగతి గమనించండి. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు, నాన్న కాకపోతే నేను, నేను కాకపోతే నా తర్వాతివాళ్లు. మైసూరులో పడిన మొదటి రంగును మాత్రం ఒకసారి గీకేశాక ఎవరూ తిరిగి తేలేరు. వేయించకుండా ఉంటే రెండు దారులూ తెరిచే ఉంటాయి. వేయిస్తే ఒకటి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఏం చేయాలో తేలనప్పుడు, తిరిగి సరిదిద్దుకోలేని పనిని వాయిదా వేయడమే తెలివైన పని.

ఇక్కడ అన్న నన్నొక ప్రశ్న అడిగాడు. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "ఒరిజినల్, ఒరిజినల్ అంటున్నావు. ఆ సీటు మైసూరు నుంచి వచ్చిందా? 1985లో హిందూపురం బజారులో కుట్టించింది. హారను వేరే బండిది. టైర్లు ఎన్నిసార్లు మారాయో లెక్కే లేదు. ఇంకెక్కడి ఒరిజినల్?" అన్నాడు.

నిజమే. ఒరిజినల్ అంటే కర్మాగారం గేటు దాటిన రోజున ఉన్నట్టు ఉండటమే అయితే, మా బండి ఒరిజినల్ కాదు. కొందరు పాత బళ్ల ప్రేమికులు దేశమంతా తిరిగి, ఆనాటి బోల్టులు, ఆనాటి బ్యాడ్జీలు వెతికి బిగిస్తారు. ఆ శ్రద్ధ గొప్పదే. అయితే వారసత్వంగా వచ్చిన బండి విషయంలో నా లెక్క వేరు. మాకు వచ్చింది షోరూము నుంచి కాదు, తాత చేతి నుంచి. ఆయన వదిలిన నాటికి ఎలా ఉందో అదే మాకు ఒరిజినల్. 1985లో ఒక జీను కుట్టేవాడు మందపాటి దారంతో కుట్టిన ఆ సీటు కూడా బండి కథలో భాగమే. దాన్ని పీకేసి 1967 నాటి సీటు తెచ్చి పెడితే తాత వాడకాన్ని చెరిపేసినట్టే. కాబట్టి బండిని ఈ కాలానికి లాగొద్దు, 1967కి వెనక్కి నెట్టొద్దు అంటాను నేను.

అలాగని చేయి పెట్టకుండా ఊరుకోవడం కాపాడటం కాదు. పాకలో పడేసి "అంతా ఒరిజినలే" అని చెప్పుకోవడం బద్ధకానికి పెట్టిన మంచి పేరు. నా ఉద్దేశంలో ఏ భాగాన్ని ముట్టుకునే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఇది అరిగిపోవడానికే పెట్టిన భాగమా? టైర్లు, ట్యూబులు, బ్రేకు లైనర్లు, క్లచ్ కేబుళ్లు, స్పార్క్ ప్లగ్గు, పెట్రోలు పైపు, బ్యాటరీ ఈ కోవలోవి. వీటిని మొహమాటం లేకుండా మార్చాలి. రెండు, ఇది బండి కథను చెప్పే భాగమా? రంగు, నంబరు ప్లేటు మీద చేత్తో రాసిన అంకెలు, ట్యాంకు పక్కన మోకాళ్లు రాసుకుని నునుపెక్కిన రబ్బరు, తాడు గుర్తు ఇలాంటివి. వీటిని తుడవాలి తప్ప గీకకూడదు. మూడు, చేసిన మార్పును రేపు వెనక్కి తీసుకోగలమా? పాత జావాకు ఉన్నది 6 వోల్టుల కరెంటు. హెడ్‌లైటు మసకగా వెలుగుతుంది. 12 వోల్టులకు మార్చుకుంటే రాత్రిపూట క్షేమం. మార్చుకోండి, కానీ తీసిన పాత డైనమోను పాత సామాన్ల వాడికి అమ్మకండి. గుడ్డలో చుట్టి, చీటీ కట్టి, డబ్బాలో దాచండి.

తుప్పు విషయంలో మన రసాయన శాస్త్రం పాఠమే దారి చూపిస్తుంది. అల్యూమినియం మీద గాలి తగిలి ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. అందుకే ఇంజను పైభాగం బూడిదరంగు తిరిగినా కంగారు పడనక్కరలేదు. అద్దంలా మెరిపించాల్సిన పని కూడా లేదు. ఇనుము అలా కాదు. తుప్పు పెళుసుగా ఉండి పొరలు పొరలుగా రాలుతుంది, తేమను లోపలికి రానిస్తుంది, ఇంకా ఇంకా తింటుంది. కాబట్టి ఇనుము మీద తుప్పును ఆపి తీరాలి. ఆపడమంటే రంగు కొట్టడం ఒక్కటే కాదు. కిరోసిన్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడిగా ఆరనిచ్చి, పైన పల్చగా మైనపు పూత వేస్తే తాడు గుర్తు దగ్గరి రేకు భద్రంగా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు చేయాలి. ఆ పూత కావాలంటే తుడిస్తే పోతుంది. పెట్రోలు సంగతి కూడా చూడాలి. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు భాగాలను దెబ్బతీయగలదు. నెలల తరబడి నడపని బండిలో పెట్రోలు ఉంచకుండా ఖాళీ చేయడం మేలు.

మెరుపు మోజు ఎంత దూరం తీసుకెళుతుందో మా వీధిలోనే చూశాం. ఒకాయన తన తండ్రి బుల్లెట్‌ను ఎంతో ప్రేమతో రంగు షాపుకు పంపారు. అక్కడ పాత రంగు పోవడానికి మిషనుతో గట్టిగా రుద్దారు. బండి తళతళా మెరుస్తూ వచ్చింది. కానీ ఫ్రేము మీద చెక్కిన ఛాసిస్ నంబరు సగం అరిగిపోయింది, మిగతా సగంలో రంగు నిండిపోయింది. రిజిస్ట్రేషను పునరుద్ధరణకు వెళ్లినప్పుడు ఆ నంబరు చదవడానికి రాలేదు. ఆయన నెలల తరబడి తిరగాల్సి వచ్చింది. ప్రేమ లేక జరిగింది కాదది. ఏది ముఖ్యమో ముందుగా రాసి ఇవ్వకపోవడం వల్ల జరిగింది.

నా అభిప్రాయానికి ఎదురు మాటలు కొన్ని ఉన్నాయి. వాటినీ చెప్పాలి.

మొదటిది పొగ. టూ-స్ట్రోక్ ఇంజనులో పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది. కాలని పెట్రోలు కూడా కొంత బయటికి పోతుంది. ఉద్గార నిబంధనలు కఠినమయ్యాక అలాంటి మోటారుసైకిళ్లు మన మార్కెట్టులోంచి దాదాపు మాయమవడానికి కారణం అదే. గాలి గురించి సైన్సు ఎగ్జిబిషన్‌లో చార్టులు అతికించే మేము, ఇంట్లో పొగబండిని ముద్దు చేయడం న్యాయమా అని మా క్లాసులోనే ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు: రోజూ కాలేజీకో ఆఫీసుకో ఆ బండి మీద వెళతానంటే నేనే వద్దంటాను. నెలకోసారి, ఇంజను బిగుసుకుపోకుండా పది కిలోమీటర్లు నడిపితే చాలు. పొగ పరీక్ష చేయించి సర్టిఫికెట్టు తీసుకోవాల్సిందే. ఆయిలు లెక్క ప్రకారం కలపాలి, ఎక్కువ పోస్తే ఎక్కువ పొగ.

రెండోది అన్న మాట. "ఇప్పుడు బండి మనది. మనకు నచ్చినట్టు మార్చుకునే హక్కు మనకు లేదా? తాత తనకు నచ్చినట్టు సీటు కుట్టించుకోలేదా?" అంటాడు. తాత చిరిగిన సీటు కుట్టించారు, పనికోసం కుట్టించారు. మడ్‌గార్డు కోయడం ఆ కోవలోకి రాదు. పైగా అది చట్టానికీ సంబంధించిన విషయం. తయారీదారు పేర్కొన్న ప్రాథమిక వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అన్నకు బళ్లను తీర్చిదిద్దే నేర్పు నిజంగానే ఉంది. ఆ నేర్పును కొత్త డిజైను గీయడంలో చూపించాలని నా కోరిక. కోస్తే మళ్లీ దొరకని వస్తువు మీద కాదు.

మూడోది, అందరికంటే బరువైనది. వస్తువు మీద ఇంత మమకారం ఎందుకు? మనిషే పోయాక బండితో ఏం పని? దానికయ్యే ఖర్చుతో ఒక పిల్లవాడి ఫీజు కట్టొచ్చు కదా? నిజం చెప్పాలంటే, మేం కోరుతున్న పద్ధతిలో ఖర్చు తక్కువ. రంగు, క్రోమియం పూత, కొత్త సీటు, అన్నీ వేయిస్తే అయ్యే డబ్బులో చిన్న భాగంతో టైర్లు, కేబుళ్లు, బ్రేకులు మార్చుకోవచ్చు. డబ్బు ఎక్కువ పట్టేది మెరిపించడానికి. ఉన్నది ఉన్నట్టు ఉంచడానికి కావాల్సింది ఓపిక. మమకారం సంగతంటారా, నేను బండిని పూజించమనడం లేదు. దానిమీద ఉన్న సమాచారాన్ని చెరపొద్దంటున్నాను.

ప్రపంచంలో పాత వాహనాలను పట్టించుకునేవాళ్లు కూడా ఇదే దారిలో ఆలోచిస్తున్నారు. 'ఫీవా' అనే అంతర్జాతీయ సమాఖ్య రూపొందించిన టురిన్ చార్టర్, వాహనాన్ని కొత్తగా తిరగకట్టడం కంటే ఉన్నదాన్ని ఉన్నట్టు పరిరక్షించడానికే పెద్దపీట వేసింది. మన దేశంలోనూ 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు జరగని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా గుర్తిస్తారు. కొత్తగా రిజిస్టరు చేస్తే నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరైన బండి తన పాత నంబరును ఉంచుకోవచ్చు. అయితే అలా నమోదైన బండిని రోజువారీ పనులకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, పెట్రోలు, మరమ్మతుల కోసం మాత్రమే రోడ్డెక్కించాలి. అంటే కోసిన బండికి, ఛాసిస్ మార్చిన బండికి ఈ గుర్తింపు అందే అవకాశం పోతుంది. అసలు రూపానికి చట్టమే ఒక విలువ కట్టిందన్నమాట.

కాగితాల సంగతి చాలామంది మరిచిపోతారు. యజమాని చనిపోతే ముప్పై రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలపాలి. మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. మాలాంటి బదిలీ కుటుంబాలకు ఇంకో చిక్కుంది. వాహనాన్ని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. తాత బండికున్నది 'ఏపీ'తో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు. వింటేజ్ గుర్తింపు తీసుకోకుండా నాన్న ఉద్యోగం చేసే ఊరికి తెచ్చుకుంటే ఆ నంబరు పోతుంది. అందుకే బండి హిందూపురంలోనే, అవ్వ దగ్గరే ఉండాలన్నది నా మాట. దగ్గర లేకపోతే బాధే. కానీ నా సరదా కోసం దాని నంబరు మార్చడం కంటే సెలవుల దాకా ఆగడం నయం.

నేనిప్పటికి నాలుగు ఊళ్లలో నాలుగు కేంద్రీయ విద్యాలయాల్లో చదివాను. మన బడిలో చదివే చాలామందిది ఇదే పరిస్థితి. క్వార్టర్లు మారతాయి, స్నేహితులు మారతారు, రెండో భాష పుస్తకం కూడా ఒక్కోసారి మారుతుంది. ప్రతి బదిలీకీ ఇంట్లో కొన్ని వస్తువులు అమ్మేస్తాం, కొన్ని పగిలిపోతాయి. మాలాంటివాళ్లకు ఎక్కడో ఒకచోట మారకుండా ఉన్న వస్తువు ఒకటి ఉండటం ఎంత ధైర్యమో, పుట్టిన ఇంట్లోనే పెరిగినవాళ్లకు చెప్పడం కష్టం. సెలవుల్లో వెళ్లి ఆ ట్యాంకు మీద చేయి పెడితే, ఎర్రటి రంగు కింద చిన్న చిన్న పగుళ్లు చేతికి తగులుతాయి. కిందటేడు తగిలిన చోటే తగులుతాయి.

కాబట్టి మా ఇంట్లో వాళ్లకు నా విన్నపం ఇది. ఈ వేసవిలో మెకానిక్కు చేత బ్రేకులు, కేబుళ్లు, వైరింగు బాగు చేయిద్దాం. టైర్లు కొత్తవి వేయిద్దాం. తుప్పు తుడిచి మైనం పూద్దాం. బండిని నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, ప్రతి గీతా, ప్రతి గుంతా ఎక్కడ ఎలా పడిందో అవ్వను అడిగి ఒక నోటుబుక్కులో రాద్దాం. ఆమెకు ఎనభై దాటాయి. ఎడమ పక్క పెట్టె మీది సొట్ట గురించి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. బండి మీద గుర్తులను ఉంచి, వాటి అర్థం రాసుకోకపోతే మన తర్వాతివాళ్లకు అవి నిజంగానే మచ్చలవుతాయి. ఇవన్నీ అయ్యాక కూడా రంగు వేయాలనిపిస్తే, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

మిత్రులారా, మీ ఇంట్లో బండే ఉండనక్కరలేదు. అమ్మమ్మ కుట్టుమిషను ఉండొచ్చు, వాల్వుల రేడియో ఉండొచ్చు, అరుగు మీది పడక కుర్చీ ఉండొచ్చు. దాన్ని పాలిషుకు పంపే ముందు ఒక్క రోజు ఆగండి. ఎక్కడ అరిగిందో చూడండి. అలా ఎందుకు అరిగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. జవాబు తెలిసినవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే అడగండి.